బేస్తవారం తెచ్చిన ఉంగరం

"సామీ, పలుగురాయిని పలుగురాయి అన్నా. ఒక మాట ఎక్కువ చెప్పలా, ఒక మాట తక్కువ చెప్పలా. అడిగినదానికి జవాబు చెప్తే తప్పు నాదెట్లయితుంది?"

గుత్తి పాతబజారులో, కోట నీడ పడే వైపు అరుగు మీద కూర్చుని సువర్చల తన గురువును ఈ ప్రశ్న అడిగింది. ఏడేళ్లుగా ఆ అరుగు మీద ఎన్నో అడిగింది గాని, తన తప్పు గురించి అడగడం అదే మొదలు. అప్పుడే ఒక ముసలమ్మ అరుగు దిగి, కొంగు నెత్తిన వేసుకుని బస్టాండు వైపు వెళ్లిపోయింది. ఆ ముసలమ్మ ఎవరో, ఏం అడిగి వెళ్లిందో చెప్పాలంటే ముందు ఈ గురుశిష్యుల సంగతి కొంచెం చెప్పుకోవాలి.

సిద్ధలింగయ్య రాళ్లు చూసే మనిషి. అమ్మడు, కొనడు, చూసి చెప్తాడు అంతే. పూర్వం ఈ పనిని రత్నపరీక్ష అని పెద్ద పేరుతో పిలిచేవారట. ఇప్పుడు జనం "రాయి చూపించుకుని రావడం" అంటున్నారు, వైద్యుడికి నాలుక చూపించుకున్నట్టు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి వైపు ఎర్రచేలల్లో వజ్రాలు ఏరడానికి దిగే జనం కొంగుల్లో మూటగట్టి తెచ్చే రాళ్లు, పెళ్లిళ్ల ముందు పాత పెట్టెల్లోంచి పైకి తీసే కమ్మలు, ముక్కుపుడకలు అన్నీ ఆ అరుగెక్కి దిగవలసిందే. ఆయన కడిగి, తుడిచి, అద్దం పెట్టి చూసి, ఇది ఫలానా అనేవాడు. అరవై ఏళ్లలో ఆ మాటకు ఎదురు మాట పుట్టలేదు. ఎనభై దాటాక కూడా చూపు బాగానే ఉంది గాని మాట మాత్రం నెమ్మదించింది. ఏదైనా అడిగితే తమలపాకుకు సున్నం రాసుకుంటూ కూర్చునేవాడు. కొందరు దాన్ని జ్ఞానం అనేవారు, కొందరు చెవుడు అనేవారు. రెండిటికీ ఆయన ఒకే విధంగా తలూపేవాడు.

శిష్యులు చాలామంది వచ్చారు, వెళ్లారు. వజ్రానికీ గాజుకూ తేడా తెలియగానే ఎక్కడో ఒక చోట కొట్టు తెరుచుకున్నారు. నిలిచింది సువర్చల ఒక్కతే. ముప్పై ఏళ్ల మనిషి, చేతిలో పని ఉంది, కంటికి చురుకుంది. ఆమెలో గుణమూ దోషమూ ఒకటే, కంటికి కనిపించింది నోటి దగ్గర ఆగదు. ఒకసారి ఆమెను చూడవచ్చిన పెళ్లివారిలో అబ్బాయి తల్లి, తన కెంపుల కమ్మలు మా అత్తగారివి, ఆమెకు వాళ్ల అత్తగారు ఇచ్చినవి అని మురిసిపోతుంటే, కాఫీ గ్లాసు అందిస్తూ, "అవి కెంపులు కావత్తా, మూసలో పోసిన రాళ్లు," అన్నది. వాళ్లు ఆ కాఫీ అయినా పూర్తిగా తాగలేదు. ఉన్నమాటంటే ఊరు అచ్చిరాదే తల్లీ అని కన్నతల్లి నెత్తి కొట్టుకుంది. సువర్చలకు మాత్రం తాను చేసిన తప్పేమిటో అర్థం కాలేదు. అబద్ధం చెప్పే నోరు రాళ్లు చూసే చోట కూర్చోకూడదని ఆమె నమ్మకం. ఆ నమ్మకంతోనే రోజూ పొద్దున్నే వచ్చి అరుగు ఊడ్చి, గురువుగారి చాప పరిచేది.

ఇక జరిగింది ఇది. జొన్నగిరి దగ్గరి ఒక పల్లెలో మద్దిలేటి అనే రైతు ఉన్నాడు. తోబుట్టువు, ఆమె భర్త ఇద్దరూ పోతే, వాళ్ల కూతురు అంజనమ్మను తానే పెంచాడు. మేనకోడలంటే ప్రేమ లేదని ఎవరూ అనలేరు, పరువంటే అంతకంటే కాస్త ఎక్కువ ప్రేమ, అంతే. శనక్కాయల మిల్లులో మూటలు మోసే ఓబులేసు ఆ పిల్లను అడిగాడు. పిల్లకూ అతనంటే ఇష్టం. కాదంటే పిల్ల కూడు మానేస్తుందని భయం, అవునంటే నలుగురిలో చిన్నతనమని బాధ. ఏదీ చెప్పలేక మద్దిలేటి, "తాంబూలాల నాటికి రవ్వ ఉంగరం తేవాల. మా ఇంటి ఆడబిడ్డలకు అది ఆనవాయితీ," అన్నాడు. ఆ ఆనవాయితీ వయసు సరిగ్గా ఒక ఏడాది. కిందటి ఏడు అతని సొంత కూతురికి బళ్లారి అల్లుడు రవ్వ ఉంగరం తొడిగాడు, అప్పుడు పుట్టింది. మూటలు మోసేవాడు రవ్వ ఎక్కడి నుంచి తెస్తాడులే అన్న ధీమాతో, ఆ అల్లుడి బంధువుల్లోనే బళ్లారిలోనే ఉండే ఒక లారీల ఆసామిని అంజనమ్మకు మాట్లాడిపెట్టాడు కూడా. ఆ ఆసామి తరఫున ఉంగరం ముందే వచ్చి మద్దిలేటి ఇంట్లో కూర్చుంది.

కాని ఓబులేసు తెచ్చాడు. తొలకరికి మిల్లు మానేసి చేలల్లో ఏరడం అతనికి పదేళ్లుగా అలవాటు. ఈసారి దొరికింది అన్నాడు. బయట చూపిస్తే వ్యాపారులు లాక్కుంటారని ఎవరికీ చూపించలేదు అన్నాడు. ఆచారి చేత రాయికి మెరుగు పెట్టించి, తల్లి చెవి కమ్మలు కరిగించిన బంగారంలో పొదిగించాడు. పప్పుగింజంత రాయి, తెల్లగా, తేటగా ఉంది. మద్దిలేటి రెండు ఉంగరాలనూ పళ్లెంలో పెట్టి పిల్ల ముందుకు తోశాడు. పక్కపక్కన చూస్తే ఏది మేలో పిల్లే తెలుసుకుంటుందనుకున్నాడు. అంజనమ్మ బళ్లారి ఉంగరం వైపు చూడను కూడా చూడలేదు. ఓబులేసు ఉంగరాన్ని తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

"సరే, పెట్టుకుందువులే. గుత్తి సామికి చూపిచ్చి, ఆయన రవ్వ అంటేనే," అన్నాడు మద్దిలేటి.

పిల్ల గుప్పిట విప్పకుండానే, "ఈ వారం వద్దు మామా. వచ్చే బేస్తవారం పోదాం," అన్నది.

ఆ బేస్తవారం తెల్లవారగానే సిద్ధలింగయ్య చెప్పులు తొడుక్కున్నాడు. "తాడిపత్రిలో మనిషి పోయినాడంట పాపా. పోయొస్తా. ఎవరన్నా వస్తే నువ్వే చూడు," అని చెప్పి, గొడుగు చంకన పెట్టుకుని బస్సెక్కాడు. ఒక పూట కాదు, ఒక రోజంతా అరుగును ఆమె చేతికి వదిలి వెళ్లడం అదే మొదటిసారి. చావు కబురు విన్నాక సంతోషించకూడదు గాని సువర్చల సంతోషించింది. తర్వాత అందుకు సిగ్గుపడి, చాప దులిపి, గురువుగారు కూర్చునే చోటికి ఒక మూర ఇవతల కూర్చుంది.

ఎండ ముదరకముందే నలుగురు వచ్చారు. మద్దిలేటి, అంజనమ్మ, ఓబులేసు, ఓబులేసు తల్లి సుంకమ్మ. అంజనమ్మ అరుగెక్కకుండానే లోపలికి తొంగి చూసింది.

"సామి ల్యాడా?"

"ఊరికి పోయినాడు. నేనుండా గదా, చూస్తా," అన్నది సువర్చల.

అంజనమ్మ మేనమామ వైపు తిరిగింది. "సామి వచ్చినాక వద్దాం మామా."

"మల్లొక దినం పనులు ఇడ్సిపెట్టి ఎవరొస్తారు? ఈయమ్మకు సామి అంత చూపుండాదని అందరూ అంటాండారు గదా," అన్నాడు మద్దిలేటి. ఆ మాట సువర్చలకు తియ్యగా తగిలింది. ఇప్పుడు ఆ తీపి తలుచుకుంటే ఆమెకు తన మీద తనకే రోత పుడుతుంది.

మద్దిలేటి రెండు ఉంగరాలూ గుడ్డ మీద పెట్టాడు. సువర్చల ముందు బళ్లారిది తీసుకుంది. అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. "ఇది రవ్వే. మంచి రవ్వ. లోపల చిన్న మచ్చ గూడా ల్యా," అని పక్కన పెట్టింది. తర్వాత ఓబులేసుది తీసి కుంకుడు నీళ్లలో కడిగింది, మల్లుగుడ్డతో తుడిచింది, పెదవుల దగ్గర పెట్టుకుని ఊపిరి ఊదింది. వజ్రం మీద ఆవిరి నిలవదు, ఊదీ ఊదకముందే ఆరిపోతుంది. దీని మీద ఆవిరి తీరిగ్గా కూర్చుని, తీరిగ్గా లేచింది. అయినా అద్దం పెట్టి నాలుగు వైపులా చూసింది. అనుమానానికి చోటు లేదు. తలెత్తేసరికి అంజనమ్మ కళ్లు తన ముఖం మీదే ఉన్నాయి.

"బాగ చూడక్కా," అన్నది అంజనమ్మ.

"బాగనే చూసినా."

"ఇంకొకసారి చూడు. తొందరేం ల్యాదు గదా. సామి వచ్చినాక ఇద్దరూ చూసి చెప్పండి."

ఏడేళ్లు నేర్చిన కంటిని ఈ పల్లెటూరి పిల్ల అనుమానిస్తోందని సువర్చలకు రోషం వచ్చింది. "ఎవరు చూసినా, ఎన్నిసార్లు చూసినా ఇది పలుగురాయే. చేలో నడిస్తే కాలికి గుచ్చుకునే పలుగు. దీనికి సామి ఏంటికి?" అన్నది. గొంతు తగ్గించుకోలేదు, ఎదుటి కొట్టువాళ్లు కూడా తిరిగి చూశారు.

ఆ తర్వాత జరిగినదంతా చాలా కొద్దిసేపే. మద్దిలేటి చెయ్యెత్తి, నలుగురూ చూస్తున్నారని దించుకుని, "మా పిల్ల నెత్తిన గులకరాయి పెట్టాలని చూసినావు గదరా," అన్నాడు. సుంకమ్మ, "నా కమ్మలు కరిగించి చేయించినాడే," అని అదే మాట మళ్లీ మళ్లీ అన్నది. ఓబులేసు వాదించలేదు, ఆశ్చర్యపోనూ లేదు. దొరికిపోయిన మోసగాడు ఇట్లాగే ఉంటాడు కాబోలని సువర్చల అనుకుంది. మద్దిలేటి బళ్లారి ఉంగరం తీసి అక్కడికక్కడే, అరుగు ముందే, మేనకోడలి వేలికి తొడిగాడు. ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వేలు ముందుకు చాపనూ లేదు. చెయ్యి తనది కానట్టు ఊరుకుంది.

పదిహేను రోజుల్లో పెళ్లయింది. మద్దిలేటి కొబ్బరికాయా అరటిపండ్లూ తెచ్చి, "నీ కన్ను సల్లగుండ తల్లీ. మా పిల్ల బతుకు నిలబెట్టినావు," అని సువర్చల చేతిలో పెట్టి వెళ్లాడు. సువర్చల ఆ అరటిపండు తిన్నది. అది కూడా దాచకుండా చెప్పుకోవాలి. గురువుగారికి ఒకటి ఇవ్వబోతే ఆయన పళ్లు నొప్పి అన్నాడు.

తర్వాత ఒక్కొక్కటే కబుర్లు రావడం మొదలైంది. రాళ్లు చూపించుకోవడానికి వచ్చేవాళ్లు రాళ్లతో పాటు తెచ్చిన కబుర్లు. అంజనమ్మ అత్తవారింట్లో నోరు విప్పడం లేదట. పని చేస్తుందట, అన్నం పెడితే తింటుందట, మాట మాత్రం లేదట. గాలి సోకిందని ఒక మఠానికి తీసుకుపోయారట, అక్కడ తగ్గకపోతే ఇంకో మఠానికి. ఓబులేసు మిల్లు మానేశాడట. వానలు వెనకపట్టాయి, ఏరేవాళ్లంతా గుడారాలు పీక్కుని వెళ్లిపోయారు, రైతులు పంట వేశారు, కోశారు, అతను మాత్రం గట్ల వెంట వంగి తిరుగుతూనే ఉన్నాడట. మొదట్లో జనం నవ్వారట, ఇప్పుడు నవ్వడం లేదట. సువర్చల ఇవన్నీ విని, రాళ్లు కడుగుతూ, తనకు సంబంధం లేనట్టే ఉండాలని చూసింది. కాని ఒక రోజు ఒక కమ్మ చెయ్యి జారి కాలవలో పడితే సాయంత్రం దాకా వెదకవలసి వచ్చింది.

ఫాల్గుణంలో సుంకమ్మ వచ్చింది. చెవులకు కమ్మల్లేవు, వేపపుల్లలున్నాయి. అరుగు మీద కూర్చుని, కొంగు ముడి విప్పి, ఆ ఉంగరమే తీసి గుడ్డ మీద పెట్టింది.

"మల్లొకసారి చూడమ్మా," అన్నది. "ఏడు నెల్లాయ గదా. ఏమన్నా మారిందేమో."

దీనికి నవ్వే మనిషి ఎవరైనా ఉంటే ఉండవచ్చు. సువర్చల ఉంగరాన్ని చేతిలోకి తీసుకుంది. చూడకుండానే చెప్పవచ్చు, అయినా చూసింది. కడిగింది, తుడిచింది, ఊదింది, అద్దం పెట్టింది. అంతసేపూ ముసలమ్మ ఆమె చేతులనే చూస్తూ కూర్చుంది.

"మారలేదమ్మా," అన్నది సువర్చల.

"అట్లనా," అన్నది సుంకమ్మ. ఉంగరాన్ని మళ్లీ కొంగున ముడి వేసుకుంది. "రవ్వ అని చెప్తే వాడు ఇంటికొచ్చి ఇంత సంగటి తింటాడేమోనని. అంతే తల్లీ. నిన్ను అనేది ఏముండాది."

ముసలమ్మ వెళ్లిపోయింది. పక్కనే ఉన్న సిద్ధలింగయ్య ఆమె వచ్చినప్పటి నుంచి వెళ్లేదాకా తలెత్తలేదు. సువర్చల ఆయన వైపు తిరిగి, మొదట చెప్పుకున్న ఆ ప్రశ్న అడిగింది అప్పుడే. నిన్ను అనేది ఏముందని ముసలమ్మ అన్నాక కూడా, ఎవరో ఒకరు తనను అంటే బాగుండునని, లేదా తప్పు నీది కాదని గట్టిగా చెబితే బాగుండునని ఆమెకు అనిపించింది. గురువు రెండూ చేయలేదు. మూడు రోజులు ఆకుకు సున్నం రాసుకున్నాడు. నాలుగో రోజు పొద్దున గొడుగు తీసుకుని, "పద పాపా. అద్దం గూడా పట్టుకో. జొన్నగిరి పోయొద్దాం," అన్నాడు.

బస్సు దిగి చేలకు అడ్డంపడి నడిచారు. ఎర్రమట్టి పలకలు పలకలుగా పగిలి ఉంది. వాన కడిగితేనే ఆ నేలలో రాయి పైకి తేలుతుంది. ఎండల్లో వజ్రం వెదకడమంటే ఎండిన బావిలో చేద వేయడమే, ఆ సీమలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. కనుచూపు మేరలో మనుషులు లేరు. ఒక్కడే, తలకు గుడ్డ చుట్టుకుని, నడుము విరిగినట్టు వంగి నడుస్తున్నాడు. మిల్లులో రెండు మూటలు ఒకేసారి ఎత్తేవాడని పేరున్న మనిషి ఒంటి మీద చొక్కా కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది.

ఓబులేసు వాళ్లను గుర్తుపట్టాడు. తిడతాడనుకుంది సువర్చల. తిట్టించుకోవడానికే గురువు తీసుకొచ్చాడని దారంతా అనుకుంటూ వచ్చింది. అతను మాత్రం గబగబా ఎదురొచ్చి, "ఇంత ఎండలో వచ్చినారేంది సామీ? రాక్కా, నీడకు రా," అని తుమ్మచెట్టు కిందికి తీసుకుపోయి, తడి గోనెపట్ట చుట్టిన కడవలోంచి నీళ్లు ముంచి ఇచ్చాడు. ముందు గురువుకు, తర్వాత ఆమెకు.

ఓబులేసుకు ఇంకా ఏదో మర్యాద తక్కువైనట్టు తోచింది కాబోలు, నడుముకు కట్టుకున్న తువ్వాలు విప్పి నేల మీద పరిచాడు. నలభై, యాభై రాళ్లు. "అద్దం తెచ్చినట్టుండావు గదక్కా. ఒకసారి చూస్తావా?"

సువర్చల గురువు వైపు చూసింది. ఆయన చేల వైపు చూస్తున్నాడు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క రాయే తీసింది. జీవితంలో మొదటిసారి ఆమె తన కన్ను తప్పు చూడాలని కోరుకుంది. ఒక్కటి, ఒకే ఒక్కటి రవ్వ అయితే చాలని ఏ దేవుడికని లేకుండా మొక్కుకుంది. ఒక్కొక్కటి పక్కన పెడుతూ పోయింది. చివరి రాయిని అవసరానికి మించి చాలాసేపు చూసింది.

"ల్యాదన్నా," అన్నది. "ఒక్కటీ ల్యాదు."

"తెలుసులేక్కా," అన్నాడు ఓబులేసు.

"తెలిస్తే నన్నేంటికి చూడమంటివి?"

"ఇంత దూరం వచ్చినారు. ఊరికే పంపిస్తే ఏం బాగుంటాది?" అని రాళ్లను మళ్లీ తువ్వాల్లోకి చేర్చసాగాడు. "పదేండ్లు ఏరినోన్నక్కా. పలుగేదో రవ్వేదో నాకు తెల్దా? ఆ దినం తెచ్చింది గూడా పలుగని తెలుసు. ఆ పొద్దు చేలో దొరికినప్పుడే తెలుసు. అంజనమ్మకూ తెలుసు. మొట్టమొదట దానికే చెప్పినా. పలుగైతే ఏం, నువ్వు ఏరిందే గదా, పెట్టుకునేది నేనే గదా అన్నది."

చెట్టు మొదట్లో చీమలు బారు కట్టి పోతున్నాయి, సువర్చల వాటినే చూస్తూ ఉండిపోయింది. చివరికి, "మరి తెలిసి తెలిసి నా దగ్గరికి ఎట్ల తెచ్చినారన్నా?" అన్నది.

"నీ దగ్గరికి యాడ తెచ్చినాం? సామి దగ్గరికి తెచ్చినాం." నింద వేస్తున్నట్టు కాదు, ఊరి దారి చెబుతున్నట్టు చెప్పాడు. "ఆ బేస్తవారానికి మూడు దినాల ముందు అంజనమ్మ ఒక్కతే వచ్చి సామి కాళ్లు పట్టుకునింది. నువ్వు పొద్దు గుంకి ఇంటికి పోయినాక. ఉన్నదంతా చెప్పుకునింది. బేస్తవారం వస్తామంటే, రాండి అన్న్యాడంట. ఆ ఒక్క మాట పట్టుకోని వస్తిమి."

సువర్చల గురువు వైపు తిరగలేకపోయింది. అరుగు ముందు నిలబడి ఆ పిల్ల బాగ చూడక్కా, బాగ చూడక్కా అన్న మాట ఇప్పుడు ఆమె చెవిలో పడింది. అనుమానించడం కాదది, బతిమాలుకోవడం. నలుగురి ముందు, మేనమామ పక్కనుండగా, ఒక ఆడపిల్ల అంతకంటే ఎట్లా బతిమాలగలదు? రాయి లోపలి వెంట్రుకవాసి గీతను పట్టుకునే కన్ను, మూరెడు దూరంలో ఉన్న ముఖాన్ని చదవలేకపోయింది. ఈ సంగతి తెలిసి ఇక ఏం చేయాలో ఆమెకు తోచలేదు. చేయడానికి ఏమీ మిగల్లేదు కూడా. బళ్లారిలో ఆ పిల్ల మాట్లాడదు, ఇక్కడ ఇతను ఇంటికి పోడు, సుంకమ్మ మళ్లీ ఏడు నెలలకు అదే ఉంగరం పట్టుకుని వస్తుంది.

"ఇంకా ఏంటికన్నా ఈ ఏరేది?" అన్నది. ఆ మాట అడగడానికి ఆమెకు చాలా బలం కావలసి వచ్చింది. "ఇప్పుడు దొరికితే మాత్రం ఏం చేస్తావు?"

"మద్దిలేటి మామ రవ్వ అడిగినాడు గదక్కా. తేలేకపోతిని," అన్నాడు ఓబులేసు. "దొరికితే తీసకపోయి ఆయప్ప చేతిలో పెడతా. పెట్టి వచ్చేస్తా. అంతే." తువ్వాలు నడుముకు బిగించుకుని లేచాడు. "పొద్దెక్కుతాంది. మీరు ఇంక బయల్దేరండి సామీ, మల్లా బస్సు దొరకదు."

అని చేలోకి దిగి, ఎక్కడ ఆపాడో సరిగ్గా అక్కడి నుంచే మళ్లీ వంగి నడవడం మొదలుపెట్టాడు.

రోడ్డు దాకా గురుశిష్యులు ఒకరి వెనక ఒకరు నడిచారు. ఏడేళ్లుగా ఆయన ముందు, ఆమె వెనక నడవడం మర్యాద. ఆ రోజు సువర్చల ముందు నడిచింది. వెనక ముసలాయన కర్ర లేకుండా తడబడుతున్న చప్పుడు వినిపిస్తున్నా ఆగలేదు, చెయ్యి అందించలేదు. బస్సు ఆగే రాతిబండ దగ్గరికి చేరాక మాత్రం తిరిగి నిలబడింది.

"సామీ, ఆ బేస్తవారం తాడిపత్రిలో పోయింది ఎవరు?"

సిద్ధలింగయ్య బండ మీద కూర్చుని, గొడుగు ముడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఎవరూ పోల్యా పాపా," అన్నాడు. "పొద్దుగూకే దాకా ఆ ఊరి బస్టాండులో కూర్చున్యా."

ఆమె రోడ్డు పక్క మట్టిలోనే కూర్చుంది. కోపం వస్తుందనుకుంది, రాలేదు. కోపానికి కూడా కొంచెం ఆశ ఉండాలి. నువ్వు చెప్పింది నిజమే గదా, తప్పు నాదే, నిన్ను ముందుకు తోసి నేను పారిపోయినా అని ఆయన అంటాడేమోనని ఎదురు చూసింది. అంటే తాను కొంత తేలికపడవచ్చు. ఆయన అనలేదు. ఎదురుగా ఎర్రని నేల, దాని మీద కదులుతున్న ఆ ఒక్క మనిషి, ఇద్దరికీ కనిపిస్తూనే ఉన్నాయి. దూరంగా బస్సు దుమ్ము లేచింది.

"ఆ దినం అరుగు మీద మీరే ఉండింటే," అన్నది సువర్చల, "మీరు ఏం చెప్పేవాళ్లు సామీ?"

సిద్ధలింగయ్య ఆమె ముఖంలోకి చూశాడు.

"అది తెలిసింటే నేనేంటికి పోదును పాపా?" అన్నాడు.